జీపీఏ తక్కువున్నా అమెరికాలో మాస్టర్స్, పీహెచ్‌డీకి అప్లై చేయడం ఎలా

మార్కులు తగ్గిన అప్లికేషన్ చేతికొచ్చినప్పుడు ప్రొఫెసర్‌కు కలిగే సందేహం ఒకటే: మా దగ్గరికి వస్తే వీళ్లు కోర్సులు గట్టెక్కుతారా, పరిశోధన పూర్తి చేస్తారా? ఆ సందేహాన్ని తీర్చే ఆధారాలు ఫైల్లో ఉంటే 4.0కి లెక్కగట్టే సగటు గ్రేడ్, అంటే జీపీఏ, 2.9 ఉన్నా సీటు రావచ్చు. లేకపోతే 3.3 ఉన్నా రాకపోవచ్చు. అందుకే ఎస్‌ఓపీ (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, అంటే ఆ ప్రోగ్రాంలో ఎందుకు చేరాలనుకుంటున్నారో చెప్పే వ్యాసం) రాయడానికి కూర్చునే ముందు మార్కులు ఎక్కడ తగ్గాయో, ఎందుకు తగ్గాయో మీరే లెక్క తీయాలి.

ముందు ట్రాన్స్‌క్రిప్ట్‌ను (కోర్సులవారీ గ్రేడ్ల పట్టికను) విడదీయండి

ఒక స్ప్రెడ్‌షీట్‌లో ప్రతి కోర్సుకూ ఒక వరుస పెట్టి సెమిస్టర్, క్రెడిట్లు (ఆ కోర్సుకున్న బరువు), గ్రేడ్ పాయింటు రాయండి. గ్రేడ్ పాయింటును క్రెడిట్లతో గుణించి, అన్నీ కూడి, మొత్తం క్రెడిట్లతో భాగిస్తే జీపీఏ వస్తుంది. ఈ లెక్క నాలుగుసార్లు చేయాలి: మొత్తం డిగ్రీకి, మీ మేజర్ (ప్రధాన) సబ్జెక్టులకు, చివరి 60 క్రెడిట్లకు, మీరు చేరాలనుకునే ప్రోగ్రాంకు పునాది అయిన నాలుగైదు కోర్సులకు.

120 క్రెడిట్ల డిగ్రీలో మొదటి 30 క్రెడిట్లు 2.2, తర్వాతి 30 క్రెడిట్లు 2.8, చివరి 60 క్రెడిట్లు 3.6 అనుకోండి. మొత్తం జీపీఏ 3.05 మాత్రమే. కానీ చివరి రెండేళ్ల 3.6 చూస్తే, అప్లికేషన్లు చదివి ఎంపిక చేసే ప్రొఫెసర్ల కమిటీకి వేరే విద్యార్థి కనిపిస్తారు. చాలా అమెరికన్ డిపార్ట్‌మెంట్లు చివరి 60 క్రెడిట్లను విడిగా చూస్తాయి. కొన్ని అప్లికేషన్ ఫారాల్లో దానికి ప్రత్యేకంగా గడి కూడా ఉంటుంది.

దీనికి తిరగబడ్డ క్రమం, అంటే మొదట బాగుండి చివర్లో పడిపోవడం, అన్నిటికన్నా కష్టమైన కేసు. చదివేవాళ్ల దృష్టిలో ఆ కారణం ఇంకా కొనసాగుతూనే ఉంటుంది. డిగ్రీ తర్వాత చేసిన కొత్త పని ఏదీ చూపకుండా అలాంటి ట్రాన్స్‌క్రిప్ట్‌తో అప్లై చేయకండి. ఒక ఏడాది ఆగడమే మంచిది.

జీపీఏ అంకెను పెంచడం మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. 105 క్రెడిట్లు 2.8తో పూర్తయ్యాక మిగిలిన 15 క్రెడిట్లలో అన్నీ 4.0 తెచ్చుకున్నా మొత్తం 2.95 దగ్గరే ఆగుతుంది. ఆ సెమిస్టర్‌ను జీపీఏ పెరుగుతుందని తేలికైన ఎలెక్టివ్‌లతో నింపడం దండగ. అదే సమయంలో మీ రంగంలోని రెండు కఠినమైన పైస్థాయి కోర్సుల్లో ‘ఏ’ తెచ్చుకుంటే మీ ఫైలుకు చాలా బలం వస్తుంది.

ఇంకో మాట. మీ మార్కులు శాతంలోనో 10 స్కేల్‌లోనో ఉంటే, ఫారం అడగనంతవరకు మీరే 4.0కి మార్చకండి. 70 శాతాన్ని 25తో భాగించి 2.8 అని రాసుకుని నష్టపోయేవాళ్లున్నారు. మార్కులు పిసినారితనంగా వేసే చోట 70 శాతం మంచి ఫలితమే కావచ్చు. ఉన్న స్కేల్‌లోనే రాయండి. క్లాస్‌లో ర్యాంకు బాగుంటే అదీ చేర్చండి.

కటాఫ్ ఎవరిది?

అమెరికా యూనివర్సిటీల్లో సాధారణంగా రెండు తలుపులుంటాయి. మొత్తం యూనివర్సిటీకి ఒక గ్రాడ్యుయేట్ స్కూల్, దాని కింద డిపార్ట్‌మెంట్. ఎక్కువచోట్ల కనిపించే ‘కనీసం 3.0 జీపీఏ ఉండాలి’ అన్న నిబంధన గ్రాడ్యుయేట్ స్కూల్ పెట్టింది. ఎవరిని తీసుకోవాలో తేల్చేది డిపార్ట్‌మెంట్ కమిటీ. డిపార్ట్‌మెంట్‌కు విద్యార్థి నచ్చితే మినహాయింపు ఇవ్వమని గ్రాడ్యుయేట్ స్కూల్‌కు రాసే పద్ధతి చాలాచోట్ల ఉంది. అయితే అది ఉందా లేదా అన్నది ఫీజు కట్టకముందే తెలుసుకోవాలి.

డిపార్ట్‌మెంట్‌లో అడ్మిషన్ల పని చూసే గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్‌కు చిన్న మెయిల్ రాయండి. మూడు ప్రశ్నలు చాలు: 3.0 లోపు ఉన్న అప్లికేషన్లు కమిటీ దాకా వెళ్తాయా, ముందే వడపోతలో ఆగిపోతాయా? చివరి 60 క్రెడిట్ల జీపీఏను పరిగణిస్తారా? షరతులతో కూడిన అడ్మిషన్ ఇస్తారా? ‘నాకు సీటు వస్తుందా’ అని మాత్రం అడగకండి, దానికి ఎవరూ జవాబివ్వరు. వడపోతలోనే ఆపేస్తామని చెప్పిన చోటును జాబితాలోంచి తీసేయండి. ఎంత మంచి ఎస్‌ఓపీ అయినా ఎవరూ తెరవని ఫైల్లో ఉంటే లాభం లేదు.

కొత్త ఆధారం సంపాదించడం

మీ అప్లికేషన్ బలమంతా ఇక్కడే ఉంది, సమయమూ ఇక్కడే ఎక్కువ పెట్టండి. ఏ సబ్జెక్టులో దెబ్బతిన్నారో ఆధారం అదే సబ్జెక్టులో ఉండాలి. గణితంలో ‘సి’ వచ్చినవాళ్లు కమ్యూనికేషన్ కోర్సులో ‘ఏ’ చూపిస్తే ఎవరి సందేహమూ తీరదు.

అన్నిటికన్నా గట్టి ఆధారం గ్రేడ్ ఇచ్చే పైస్థాయి కోర్సు. డిగ్రీలో చేరకుండానే, నాన్-డిగ్రీ విద్యార్థిగా రెండు మూడు కోర్సులు తీసుకునే వీలు చాలా యూనివర్సిటీల్లో ఉంది. ‘ఏ’ గానీ ‘ఏ మైనస్’ గానీ తెచ్చుకోగలరన్న నమ్మకం ఉంటేనే తీసుకోండి. ఇక్కడ ‘బి’ వస్తే పాత అనుమానమే బలపడుతుంది. ఉద్యోగం చేస్తూ ఉంటే ఒక్కో సెమిస్టర్‌కు ఒక్కటి చాలు. గ్రేడు లేకుండా వీడియోలు చూసి తెచ్చుకునే సర్టిఫికెట్లకు కమిటీ దగ్గర పెద్ద విలువ లేదు.

పీహెచ్‌డీకైతే పరిశోధన అనుభవం ముందుకొస్తుంది. ల్యాబ్‌లో ఆరు నెలలో ఏడాదో నిలకడగా పనిచేసి, ఒక ప్రశ్నను మొదటినుంచి చివరిదాకా మోసినవాళ్ల విషయంలో గ్రేడ్ల మీద పట్టుదల సడలుతుంది. కోర్సులో ‘ఏ’ తెచ్చుకోవడం, ప్రయోగం విఫలమైనా వదలకుండా పని సాగించడం వేర్వేరు సామర్థ్యాలని ప్రొఫెసర్లకు తెలుసు. పేపర్ అచ్చు కాకపోయినా ఫర్వాలేదు. ఏం కొలిచారు, ఏది పనిచేయలేదు, తర్వాత ఏం మార్చారు అన్నవి స్పష్టంగా చెప్పగలగాలి.

అమెరికాలో పైచదువుల ప్రవేశానికి రాసే జీఆర్ఈ పరీక్ష చాలాచోట్ల ఐచ్ఛికమైంది. జీపీఏ తక్కువున్నవాళ్లు ఆ మాట విని ఊరట చెందకూడదు. మంచి స్కోరు ఉంటే పంపడం మీకే లాభం. 2023 సెప్టెంబర్ నుంచి పరీక్ష 1 గంట 58 నిమిషాలకు కుదించారు. వెర్బల్ (ఇంగ్లిష్), క్వాంట్ (గణితం) రెండిటికీ స్కోరు 130 నుంచి 170 మధ్య వస్తుంది. 21 రోజుల విరామంతో, ఏ 12 నెలల్లోనైనా 5 సార్లు మించకుండా రాయవచ్చు. స్కోరు 5 ఏళ్లు చెల్లుతుంది. ఏ ప్రయత్నం స్కోరు పంపాలో మీరే ఎంచుకోవచ్చు కాబట్టి మొదటిసారి తగ్గినా కంగారు లేదు. లెక్కల సబ్జెక్టుల్లో మార్కులు పోయినవాళ్లకు ఎక్కువ క్వాంట్ స్కోరు సూటిగా పనికొస్తుంది. స్కోరు కూడా మామూలుగానే వస్తే, ఐచ్ఛికమన్న చోట పంపకండి. ‘మేం జీఆర్ఈ చూడం’ అన్న చోట స్కోరు ఎంతున్నా లెక్కలోకి రాదు.

రికమెండేషన్ లెటర్లు

సాధారణంగా మూడు అడుగుతారు. వాటిలో కనీసం ఒకటి మీ గ్రేడ్ల గురించి నోరు తెరిచి మాట్లాడాలి. ‘ఈ ట్రాన్స్‌క్రిప్ట్ ఈ విద్యార్థి సత్తాను తక్కువ చేసి చూపిస్తోంది, నా దగ్గర చేసిన ఫలానా పని చూడండి’ అని ప్రొఫెసర్ రాస్తే, అదే మాట మీరు పది వాక్యాల్లో రాసినా రాని బరువు వస్తుంది. పెద్ద హోదా ఉండి మిమ్మల్ని గుర్తుపట్టని వ్యక్తి లెటర్ కన్నా, మీతో వారం వారం పనిచేసినవారి లెటరే మేలు.

గడువుకు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు అడగండి. ‘రాస్తారా’ అని కాకుండా ‘బలంగా రాయగలరా’ అని అడిగితే, తటపటాయించేవాళ్లు అప్పుడే తెలిసిపోతారు. ఒప్పుకున్నవారికి ట్రాన్స్‌క్రిప్ట్, రెజ్యూమె, ఎస్‌ఓపీ ముసాయిదా, వారి దగ్గర చేసిన పనిలో గుర్తుచేయాల్సిన రెండు మూడు విషయాలు ఒకే మెయిల్‌లో పంపండి. ఫారంలో ‘లెటర్ చూసే హక్కును వదులుకుంటారా’ అనే ప్రశ్న వస్తుంది. వదులుకోండి. మీరు చూస్తారని తెలిసి రాసిన లెటర్‌ను కమిటీ అంతగా నమ్మదు.

ఎస్‌ఓపీలో ఎంత చెప్పాలి

మూడు నుంచి ఐదు వాక్యాలు, అంతే. ఫారంలో అదనపు వివరణకు గడి ఉంటే అక్కడే రాయండి, ఎస్‌ఓపీని పూర్తిగా పరిశోధనకు వదిలేయండి. గడి లేకపోతే చదువు గురించిన పేరాలో, మధ్యలో పెట్టండి. మొదటి పేరాలో పెడితే మిగతాదంతా ఆ నీడలోనే చదువుతారు. చివర్లో పెడితే అదే గుర్తుండిపోతుంది.

వివరణలో నాలుగు ముక్కలుండాలి: ఏమైంది, ఎప్పటినుంచి ఎప్పటిదాకా, ఎలా ఆగింది, తర్వాతి ఫలితం. ఇలా:

‘మూడు, నాలుగు సెమిస్టర్లలో వారానికి 30 గంటలు ఉద్యోగం చేశాను, ఆ ఏడాది లీనియర్ ఆల్జీబ్రాలో, ప్రాబబిలిటీలో సి గ్రేడ్లు వచ్చాయి. ఐదో సెమిస్టర్‌లో ఉద్యోగం మానేశాను. తర్వాతి 60 క్రెడిట్లలో నా జీపీఏ 3.6. ఆ రెండు సబ్జెక్టుల మీదే నిలబడే మెషీన్ లెర్నింగ్‌లో ఏ గ్రేడ్ తెచ్చుకున్నాను.’

ఇందులో క్షమాపణ లేదు, ప్రొఫెసర్ మీద నింద లేదు. అనారోగ్యమైతే జబ్బు పేరు, చికిత్స వివరాలు అక్కర్లేదు, ‘ఆరోగ్య సమస్య, ఇప్పుడు పరిష్కారమైంది’ అంటే సరిపోతుంది. చెప్పుకోదగ్గ కారణమే లేకపోతే కల్పించకండి. ‘మొదటి రెండేళ్లు చదువుకు తగినంత సమయం ఇవ్వలేదు’ అన్న ఒక్క నిజాయితీ వాక్యం రాసి, మారాక ఏం చేశారో చెప్పండి. ఒకే ఒక్క ‘సి’ కోసమైతే వివరణే వద్దు, ఎవరూ పట్టించుకోని దాన్ని మీరే వేలెత్తి చూపినట్టవుతుంది.

బ్యాక్‌లాగ్‌లను, మధ్యలో వదిలేసిన కాలేజీని దాచడం మాత్రం ఎట్టిపరిస్థితుల్లోనూ చేయకూడదు. చదివిన ప్రతి సంస్థనూ చెప్పాలని ఫారంలోనే ఉంటుంది. తర్వాత బయటపడితే ఇచ్చిన సీటు కూడా రద్దవుతుంది.

ఎక్కడెక్కడ, ఎప్పుడు

చాలా పీహెచ్‌డీ గడువులు డిసెంబర్‌లో ఉంటాయి కాబట్టి జీఆర్ఈ సెప్టెంబర్‌కల్లా అయిపోతే, తగ్గినా మళ్లీ రాసే వ్యవధి ఉంటుంది. ఎనిమిది నుంచి పది ప్రోగ్రాములు ఎంచుకుని, వాటిలో కనీసం మూడింటిలో మీ చివరి 60 క్రెడిట్ల జీపీఏ వాళ్ల సగటుకు దగ్గరగా ఉండేలా చూసుకోండి. సూటిగా పీహెచ్‌డీ దొరకనప్పుడు థీసిస్ ఉన్న మాస్టర్స్ మంచి దారి. అక్కడ తెచ్చుకున్న గ్రేడ్లు, పరిశోధన తర్వాతి అప్లికేషన్‌లో డిగ్రీ మార్కులను వెనక్కి నెడతాయి. అప్లికేషన్ ఫీజు మాఫీ ఉందేమో ప్రతి చోటా అడగండి, అడగనివాళ్లకు ఇవ్వరు.

షరతులతో అడ్మిషన్ వస్తే సంతకం పెట్టే ముందు రాతపూర్వకంగా మూడు సంగతులు తెలుసుకోండి: మొదటి సెమిస్టర్‌లో ఎంత జీపీఏ నిలబెట్టాలి (చాలాచోట్ల 3.0), ఎన్ని క్రెడిట్లకు, ఆ కాలంలో అసిస్టెంట్‌షిప్ (బోధనలోనో పరిశోధనలోనో సాయం చేస్తే వచ్చే ఫండింగ్) ఇస్తారా. ఫండింగ్ ఇవ్వని చోట ఆ సెమిస్టర్ ఖర్చంతా మీదే అవుతుంది. షరతు ఉన్నంతకాలం కనీస క్రెడిట్లకు మించి తీసుకోకండి.

వెయిట్‌లిస్ట్‌లో పెడితే నిరాశపడి వదిలేయకండి. ఫండింగ్‌తో వచ్చే ఆఫర్లకు జవాబిచ్చేందుకు ఏప్రిల్ 15 దాకా సమయమివ్వాలని అమెరికాలో చాలా గ్రాడ్యుయేట్ స్కూళ్ల మధ్య ఒప్పందం ఉంది. అందువల్ల ఆ తేదీకి అటూఇటూ సీట్లు ఖాళీ అవుతుంటాయి. మార్చిలో ఒక్క మెయిల్ పంపండి. ఆసక్తి ఇంకా ఉందని ఒక వాక్యం, అప్లికేషన్ తర్వాత వచ్చిన కొత్త గ్రేడ్ లేదా ఫలితం మరో వాక్యం, తాజా ట్రాన్స్‌క్రిప్ట్ జత.