మన పీసీ మనమే బిగించుకుందాం – 4వ పాఠం: స్టాక్ లేని ప్రాసెసర్

కిందటి పాఠంలో మదర్‌బోర్డు ఎంచుకున్నారు కదా, దానికి ఇంకా డబ్బు కట్టకండి. ముందు ప్రాసెసర్ చేతికి రావాలి. ఈ వరుస తప్పి నేను రెండు నెలలు టెన్షన్ పడ్డాను.

2020 నవంబర్ 5న ఏఎండీ రైజెన్ 5000 ప్రాసెసర్లు అమ్మకానికి వచ్చాయి. వీడియో ఎడిటింగ్ కోసం నాకు వాటిలో 12 కోర్ల (కోర్ అంటే ప్రాసెసర్‌లో అసలు పనిచేసే భాగం) 5900ఎక్స్ కావాలి. బోర్డు, ర్యామ్, పవర్ సప్లై, క్యాబినెట్ అన్నీ ముందే తెచ్చి పెట్టుకున్నా. ప్రాసెసర్‌కి మాత్రం ఒక ఆన్‌లైన్ షాపులో పూర్తి డబ్బు కట్టి ప్రీఆర్డర్ చేశా. వారంలో పంపుతామన్నారు. దీపావళి వెళ్లింది, క్రిస్మస్ వెళ్లింది, ఆర్డర్ పేజీలో 'ప్రాసెసింగ్' అన్న మాట కదల్లేదు. ఈలోగా మంచం కిందున్న బోర్డుకి వాపసు గడువు పది రోజులూ అయిపోయాయి. అది బాగుందో లేదో చూద్దామంటే అందులో పెట్టడానికి ప్రాసెసర్ లేదు!

కొరత ఎందుకొచ్చిందో కాస్త తెలిస్తే షాపువాడితో మాట్లాడటం తేలిక. ఏఎండీకి సొంత చిప్ ఫ్యాక్టరీ లేదు. ఈ ప్రాసెసర్లలోని కోర్ల చిప్పుల్ని తైవాన్‌లో టీఎస్‌ఎంసీ అనే చిప్పుల తయారీ కంపెనీ తన 7 నానోమీటర్ల పద్ధతిలో చేసిచ్చింది. అదే నెలలో వచ్చిన ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ గేమ్ మెషీన్లలో ఉన్నవీ ఏఎండీ చిప్పులే, అవీ అక్కడే తయారయ్యాయి. పైగా కరోనా రోజులు, ఇంటింటా ఆఫీసు, పిల్లల క్లాసులు, అందరికీ కంప్యూటర్లు కావాలి. సరుకు ఎప్పుడొస్తుందో మన షాపువాడికి చాలాసార్లు నిజంగానే తెలియదు. అందుకే “ఎప్పుడొస్తుంది?” అని అడిగితే నోటికొచ్చిన తేదీ చెప్తాడు.

ఇలా అడగండి: “అన్నా, డబ్బా ఇప్పుడు మీ చేతిలో ఉందా? లేబుల్ మీద సీరియల్ నంబర్లో చివరి నాలుగు అంకెలు చదువుతారా?” ఉంటే చదువుతాడు. లేకపోతే “బుక్ చేసుకోండి, ఎల్లుండికి తెప్పిస్తా” అంటాడు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒకాయన అంకెలు చదవడమే కాదు, ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టాడు. నా ప్రీఆర్డర్ రద్దు చేసుకుని చివరికి అక్కడే కొన్నాను.

అడ్వాన్స్ ఇవ్వక తప్పదనుకుంటే కొంచెమే ఇవ్వండి. రద్దు చేస్తే డబ్బు మీ బ్యాంకుకే రావాలి, షాపు వాలెట్‌లోకి కాదు. ఆ మాట ఫోన్లో కాకుండా మెసేజ్‌లో రాయించుకోండి. డబ్బు తిరిగివ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, అక్కడ మీకు పనికొచ్చేది ఆ మెసేజే. “బోర్డు కూడా మా దగ్గరే కొంటే ప్రాసెసర్ ఇస్తాం” అనేవాళ్లూ ఎదురవుతారు. మీరు ఎంచుకున్న బోర్డే అయితే సరే, లేకపోతే నవ్వేసి వచ్చేయండి. ఎమ్మార్పీ చూసి ధర సరైనదే అనుకోవద్దు, ఈ డబ్బాల మీద అది తరచు మార్కెట్ ధర కంటే బాగా ఎక్కువే ఉంటుంది.

డబ్బా చేతికొచ్చాక సీల్ చూడండి. పక్కనున్న చిన్న కిటికీలోంచి ప్రాసెసర్ పైభాగం కనిపిస్తుంది. దాని మీద చెక్కిన పేరు, మీరు అడిగిన మోడల్ ఒకటేనా? 5900ఎక్స్ లేబుల్ మీద 100-100000061 తర్వాత డబ్ల్యూఓఎఫ్ అని ఉంటుంది. ఫ్యాన్ లేకుండా వస్తుందని దాని అర్థం, కూలర్ విడిగా కొనాలి. డబ్బా లేని 'ట్రే' సరుకు చవగ్గా చూపిస్తే ఆగండి: డబ్బాలో వచ్చేదానికి కంపెనీ మూడేళ్ల వారంటీ ఇస్తుంది, ట్రే సరుక్కి ఆ షాపే దిక్కు.

నాలాగే బోర్డు ముందే కొనేసినవాళ్లకి ఒక దారి ఉంది. అదే ఏఎమ్4 సాకెట్‌కి (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) సరిపోయే పాత రైజెన్ 5 3600 లాంటిది ఎవరి దగ్గరైనా అడిగి, ఒక్క పూట పెట్టి చూడండి. బోర్డు సంగతి తేలుతుంది, బయోస్ (ఆన్ చేయగానే బోర్డుని నడిపే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ కూడా చేసేసుకోవచ్చు. పాత బయోస్‌తో షాపులో పడున్న బి550 రకం బోర్డు కొత్త 5900ఎక్స్‌ని గుర్తుపట్టదు మరి. ఇంకో సంగతి, ఈ రెండు ప్రాసెసర్లలోనూ గ్రాఫిక్స్ లేదు, విడిగా కార్డు పెట్టకపోతే తెర మీద ఏమీ రాదు. 2024 నవంబర్ 7న వచ్చి అంతే వేగంగా అయిపోయిన రైజెన్ 7 9800ఎక్స్3డీకి ఆ బాధ లేదు, మామూలు గ్రాఫిక్స్ అందులోనే ఉంది.

ఈ వారం అభ్యాసం: మీకు కావలసిన మోడల్ పేరుతో మూడు షాపులకు ఫోన్ చేయండి. సీరియల్ అంకెలు ఎవరు చదివారు, ఎవరు మాట దాటేశారు, ఎంత ధర చెప్పారు, నోట్‌బుక్‌లో రాసుకోండి. వచ్చే పాఠంలో కూలర్ బిగిద్దాం.