రోబో వాక్యూమ్ క్లీనర్ అతిగా వేడెక్కుతుంటే ఏం చేయాలి?

ఇల్లంతా ఊడ్చి వచ్చిన రోబో వాక్యూమ్ క్లీనర్ గోరువెచ్చగా ఉండటం సహజమే. చెయ్యి ఆనించలేనంత వేడిగా ఉన్నా, పని మధ్యలో తనంతట తానే ఆగిపోతున్నా కారణం వెతకాలి. వేడి ఏ భాగంలో ఎక్కువగా ఉందో గమనించి, స్విచ్ ఆపి, డాక్‌కు (అది చార్జింగ్ అయ్యే స్టాండుకు) దూరంగా అరగంటపాటు చల్లారనివ్వండి. అడుగుభాగం ఉబ్బినట్టు కనిపించినా, కాలిన వాసన వచ్చినా మరమ్మతుకు పూనుకోవద్దు. మళ్లీ చార్జింగ్ పెట్టకుండా, మంట అంటుకునే వస్తువులేవీ లేని చోట ఉంచి సర్వీసు సెంటర్‌ను సంప్రదించండి.

1. వేడి బ్రష్ దగ్గరుంటే, యంత్రాన్ని మెత్తని గుడ్డ మీద బోర్లించి బ్రష్‌ను ఊడదీయండి. మధ్యలో కనిపించే వెంట్రుకలను అందరూ తీస్తారు గానీ, అసలు చిక్కు రెండు కొనల్లో ఉంటుంది. అక్కడి మూత లాగి చూస్తే ఇరుసు చుట్టూ వెంట్రుకలు, దారాలు కండెకు చుట్టినట్టు బిగుసుకుపోయి ఉంటాయి. ఆ బిగువును ఎదిరించి తిప్పడానికి మోటార్ ఎక్కువ కరెంటు లాగుతుంది, దాంతో వేడెక్కుతుంది. చిన్న కత్తెరతో ఆ చుట్లను తెంపి, పట్టుకారుతో పీకేయండి. పక్క బ్రష్‌ను, చక్రాలను కూడా వేలితో తిప్పి చూడండి.

2. వేడి చెత్త డబ్బా వైపుంటే ఫిల్టర్‌ను అనుమానించాలి. లోపలికి పీల్చుకున్న గాలి ధూళినే కాక ఫ్యాన్ మోటార్ వేడిని కూడా మోసుకుపోతుంది కనుక, ఫిల్టర్ పూడుకుపోతే ఆ వేడి లోపలే నిలిచిపోతుంది. డబ్బా ఖాళీ చేసి, ఫిల్టర్‌ను తట్టి దులిపి, గాలి బయటికి వచ్చే రంధ్రాలను పొడి బ్రష్‌తో తుడవండి. కడగవచ్చని మాన్యువల్‌లో ఉంటేనే ఫిల్టర్‌ను కడిగి, కనీసం 24 గంటలు నీడలో ఆరనివ్వండి. తడి ఫిల్టర్ బిగించడం కన్నా దుమ్ము ఫిల్టరే నయం.

3. చార్జింగ్‌లోనే వేడెక్కుతుంటే, డాక్ మీద ఎండ పడుతోందేమో చూడండి. లిథియం అయాన్ బ్యాటరీలను సాధారణంగా 45 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో చార్జ్ చేయకూడదు. చార్జింగ్ పలకలను పొడి గుడ్డతో తుడవండి. డాక్‌ను నీడకు మార్చినా తేడా లేకపోతే బ్యాటరీ మార్చాల్సి రావచ్చు.

4. చివరగా, మందపాటి తివాచీ లేని నేల మీద, సాధారణ వేగంలో పదిహేను నిమిషాలు నడిపి చూడండి. అప్పటికీ అదే భాగం కాలిపోతుంటే లోపం మోటార్‌లో గానీ సర్క్యూట్‌లో గానీ ఉన్నట్టు. దాన్ని ఇంట్లో విప్పకుండా సర్వీసుకు ఇవ్వడమే మేలు.