మా మేడమీద సొరపిందెలు ఎలా నిలిచాయంటే

హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ మేడమీద అయిదిళ్లవాళ్లం కలిసి కూరగాయలు పెంచుతున్నాం. సొరపాదు పందిరంతా అల్లుకుంది గానీ, పిందెలు బొటనవేలంత కాగానే పసుపెక్కి రాలిపోయేవి. వర్మీకంపోస్టు వేశాం, వేపనూనె కొట్టాం. లాభం లేకపోయింది.

అసలు సంగతేంటంటే, సొరపువ్వు విచ్చేది సాయంత్రం. ఆ వేళకి మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వుకి చేర్చే పురుగులేవీ అయిదో అంతస్తు మీదికి రావట్లేదు. అందుకే పిందెలు రాలిపోయేవి.

ఇప్పుడు దీపాలు పెట్టే వేళకి మాలో ఒకరు పైకెళ్తారు. సన్నటి పొడుగు కాడ ఉంటే మగపువ్వు. అడుగున నూగుతో చిట్టి పిందె ఉంటే ఆడపువ్వు. మగపువ్వు కోసి, రేకులు తీసేసి, పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దాలి, అంతే. నాలుగైదు రోజుల్లో పిందె లావెక్కితే నిలిచినట్టే.

వంతుల చీటీ లిఫ్టు పక్కన అంటించాం. మొదటి కాయ అయిదు ముక్కలు చేసుకున్నాం. ఆ రోజు మా ఇంట్లో పాలు పోసి సొరకాయ కూర!