పెద్ద పోస్టుకి రెజ్యూమె: రాసేవాళ్లను ఇలా ఎంచుకున్నాను

ప్లాంట్ హెడ్ నుంచి వైస్ ప్రెసిడెంట్ పోస్టుకి వెళ్దామంటే నా రెజ్యూమెకి ఎక్కడా పలుకు లేదు. రాసిపెట్టే సర్వీసులను వాకబు చేశాను. "పాతది పంపండి సార్, మిగతాది మేం చూసుకుంటాం" అన్నవాళ్లని అక్కడే వదిలేశాను. ఇంటర్వ్యూ గ్యారంటీ అన్నవాళ్లనీ అంతే. పిలిచేది వాళ్లా ఏంటి?

చివరికి కుదిరినావిడ రాసేముందు గంటకు పైగా ప్రశ్నలే అడిగారు. "ఖర్చు తగ్గించానన్నారు, ఎంత? ఎవరు అడ్డుపడ్డారు?" 'ఉత్పత్తి బాధ్యతలు చూశాను' అన్న లైను కొట్టేసి, స్క్రాప్, అంటే తయారీలో పాడై పనికిరాకుండా పోయే సరుకు, 6 శాతం నుంచి 3.5కి దించిన సంగతి పైకి తెచ్చారు. రెండు కాలమ్‌ల డిజైన్ వద్దన్నారు. వచ్చిన రెజ్యూమెలను చదివి వడగట్టే కంపెనీల ఏటీఎస్ సాఫ్ట్‌వేర్ ఒక్కోసారి రెండు వైపులా ఉన్నదాన్ని కలగాపులగం చేసేస్తుంది. నేనే మార్చుకునేలా వర్డ్ ఫైలు ఇచ్చారు. సగం డబ్బు నేను రెజ్యూమె డ్రాఫ్ట్ చూశాకే తీసుకున్నారు.

ఇప్పుడు ఫోన్ చేసే కన్సల్టెంట్లు ముందు ఆ స్క్రాప్ గురించే అడుగుతున్నారు.