తాజా మంచు మీద హెలికాప్టర్ దించేటప్పుడు
రోటర్ గాలికి పొడి మంచు లేచి క్షణంలో చుట్టూ తెల్లగా కమ్మేస్తుంది, నేలేదో ఆకాశమేదో తెలీదు, లడఖ్ లాంటి చోట్ల అసలు భయం ఇదే. అందుకే హోవర్‌లో (గాల్లో ఒకేచోట నిలిచి) ఆగొద్దు. ముందే మీ కిటికీ పక్కన కనిపించే రాయో జెండానో చూసుకుని, చూపు దాని మీదే ఉంచి నెమ్మదిగా దించేయండి, అది మాయమైతే వెంటనే పైకి లేవండి. స్కిడ్లు (కింద కాళ్లలా ఉండే కడ్డీలు) తగిలాక కలెక్టివ్ (హెలికాప్టర్‌ను పైకి లేపే, కిందికి దించే లివర్) ఒక్కసారిగా దించకండి, పైపొర విరిగి ఒక స్కిడ్ కూరుకుపోతే హెలికాప్టర్ ఒరిగిపోతుంది.

ఇక ఐసింగ్, అంటే ఎగురుతుండగా హెలికాప్టర్ మీద మంచు గడ్డకట్టడం. చాలా చిన్న హెలికాప్టర్లకు అందులో ఎగిరే అనుమతే లేదు. 0 డిగ్రీల కన్నా చల్లగా ఉంటే మబ్బులోకి వెళ్లకండి, వైబ్రేషన్ పెరిగి, అదే వేగానికి పవర్ ఎక్కువ కావాల్సి వస్తుంటే మంచు పడుతున్నట్టే, అక్కడి నుంచి బయటపడండి. బయల్దేరే ముందు బ్లేడ్లను చేత్తో తడిమి చూడండి, గరుకుగా తగిలే పల్చటి మంచు పొరైనా సరే, పూర్తిగా తీసేయాలి.