పడవ ప్రయాణంలో ప్రాణాలు కాపాడుకోవడం ఎలా?

విజయవాడ పున్నమి ఘాట్ నుంచి భవానీ ద్వీపానికి బోటులో కొద్ది నిమిషాల దూరమే కాబట్టి, సముద్రంలో మునిగిన ఓడల సంగతి మనకెందుకని అనిపించవచ్చు. కానీ 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం సమీపంలో అనుమతి లేని పర్యాటక బోటు బోల్తా పడి 20 మందికి పైగా చనిపోయారు. నదిలోనైనా సముద్రంలోనైనా తప్పు ఎక్కువగా ఒడ్డు వదలకముందే జరిగిపోతుంది.

అందువల్ల మొదటి పని టికెట్ కొనకముందే చేయాలి. ఎంతమందికి అనుమతి ఉందో, ఎంతమంది ఎక్కుతున్నారో చూడండి, లైఫ్ జాకెట్ల గురించి సరంగును అడగండి. "ఉంటాయిలెండి" అన్న జవాబుతో సరిపెట్టుకోకుండా చూపించమనండి. 1987 మార్చి 6న బెల్జియంలోని జీబ్రూగ్ రేవు నుంచి హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ అనే ఓడ, వాహనాలు లోపలికి ఎక్కే ముక్కు వైపు తలుపులు తెరిచి ఉండగానే బయలుదేరింది. వాటిని మూయవలసిన ఉద్యోగి తన గదిలో నిద్రపోతున్నాడు. తలుపులు తెరిచి ఉన్నాయని ఎవరూ చెప్పలేదు గనుక మూసే ఉంటారని కెప్టెన్ అనుకున్నాడు. నీళ్లు లోపలికి చొరబడి ఓడ ఒరిగిపోయింది, ఆ అనుకోవడానికి 193 ప్రాణాలు పోయాయి.

జాకెట్ విషయంలో కాస్త ఓపిక పట్టాలి. రేవులో చేతికిచ్చే నారింజరంగు జాకెట్లలో కొన్నింటికి క్లిప్పు ఒక వైపే ఉంటుంది, కొన్నింటి పట్టీ ముడేసి ఉంటుంది. అలాంటిది వస్తే మొహమాటపడకుండా మార్చుకోండి. చీర కొంగును, చున్నీని లోపలికి దోపుకొని వాటి మీద జాకెట్ తొడుక్కొని, క్లిప్పులన్నీ పెట్టి, పట్టీలు బిగించాలి. తర్వాత పక్కవారిని భుజాల దగ్గర పట్టుకొని పైకి లాగమనండి. జాకెట్ గడ్డం దాటి పైకి వస్తే అది వదులుగా ఉన్నట్టే, నీళ్లలో తల మీదుగా జారిపోతుంది. పిల్లలకు వారి బరువుకు తగినదే వేయాలి, పెద్దలది చుట్టి కట్టడం ప్రమాదకరం. ఉక్కగా ఉందని దాన్ని విప్పి ఒడిలో పెట్టుకోకండి. 2024 డిసెంబరు 18న ముంబై తీరంలో ఎలిఫెంటా గుహలకు వెళ్తున్న ప్రయాణికుల పడవను నౌకాదళ స్పీడ్ బోటు ఢీకొన్నప్పుడు, జాకెట్ వెతుక్కొని వేసుకునే వ్యవధి ఎక్కడుంది?

ఎక్కాక కూర్చునే చోటు కూడా ముఖ్యమే. ఇంద్రకీలాద్రి కనబడగానే ఫొటోల కోసం అందరూ ఒకే వైపుకు, అందులోనూ పై అంతస్తుకు చేరితే బోటు సులువుగా ఒరుగుతుంది. తలుపులు మూసిన ఏసీ గది కన్నా బయటికి దారి దగ్గరున్న చోటు మేలు, ఎందుకంటే బోటు తిరగబడితే జాకెట్టే మనిషిని పైకప్పుకు అదిమిపెడుతుంది.

విశాఖ నుంచి అండమాన్ వెళ్లేలాంటి పెద్ద ఓడ ఎక్కితే, సామాను సర్దుకోకముందే మీ గది నుంచి పై డెక్కుకు ఒకసారి నడిచి మెట్లు, మలుపులు గుర్తుపెట్టుకోండి. ఏడు పొట్టి కూతలు, ఒక పొడవాటి కూత వినిపిస్తే అది ప్రమాద సూచన, వెంటనే జాకెట్ వేసుకొని అందరూ గుమిగూడవలసిన చోటికి వెళ్లాలి. 2012 జనవరి 13న ఇటలీలో కోస్టా కాంకోర్డియా అనే విహార నౌక రాతికి తగిలేనాటికి, ఆ సాయంత్రమే ఎక్కిన వందలాది మందికి ఇలా గుమిగూడే కసరత్తు (డ్రిల్) ఇంకా చేయించలేదు. 32 మంది చనిపోయిన ఆ ప్రమాదం తర్వాతే, బయలుదేరేలోపు లేదా బయలుదేరిన వెంటనే దాన్ని చేయించాలన్న అంతర్జాతీయ నియమం వచ్చింది.

సిబ్బంది మాట వినాలి, నిజమే. అయితే 2014 ఏప్రిల్ 16న దక్షిణ కొరియాలో సెవోల్ ఓడ ఒరుగుతుంటే, ఉన్నచోటే ఉండమన్న ప్రకటనను నమ్మి లోపలే ఉండిపోయినవారు ఎందరో మునిగిపోయారు; మృతులు 304 మంది, వారిలో అత్యధికులు బడి పిల్లలు. ఓడ ఒక వైపుకు ఒరిగి తిరిగి నిలబడకపోతే వెంటనే గది వదలండి. నేల గోడగా మారాక తలుపు చేతికి అందదు.

నీళ్లలో పడితే ప్రవాహానికి ఎదురీదకుండా వెల్లకిలా తేలుతూ ఉండండి. సాయానికి 112, సముద్రంలో అయితే తీర రక్షక దళానికి 1554. ఇంకొక చిన్న పని: ఎక్కేముందు మీ బృందంలో ఎవరెవరు ఉన్నారో ఇంట్లోవారికి వాట్సాప్‌లో పంపండి, అందరూ దిగాక మళ్లీ లెక్కపెట్టి ఆ మాట కూడా పంపండి.