గేల్‌స్కోల్‌లో వేస్తే పిల్లలకి ఇంగ్లీష్ రాయడం వస్తుందా? ఐర్లాండ్‌కి కొత్తగా వచ్చినవాళ్ళ కోసం

డబ్లిన్‌లో లూకన్, బ్లాంచర్డ్‌స్టౌన్ వైపు ఇల్లు తీసుకుని స్కూల్స్ వెతుకుతుంటే గేల్‌స్కోల్ అనే పేరు కనపడుద్ది, అంటే లెక్కలతో సహా పాఠాలన్నీ ఐరిష్‌లో చెప్పే స్కూల్. మనవాళ్ళు ముందు అడిగేది ఒకటే, మరి ఇంగ్లీష్ సంగతేంటి అని. వస్తుందండీ, భయపడక్కర్లేదు. కాకపోతే లేట్‌గా మొదలవుద్ది, ఆ మొదటి రెండు మూడేళ్ళే తల్లిదండ్రులకి కష్టంగా ఉంటది.

జూనియర్ ఇన్ఫాంట్స్, సీనియర్ ఇన్ఫాంట్స్ అంటే మన ఎల్‌కేజీ యూకేజీ లాంటివి. చాలా గేల్‌స్కోల్స్‌లో అక్కడ చదవడం, రాయడం ముందు ఐరిష్‌లోనే నేర్పుతారు, ఇంగ్లీష్ తర్వాత. ఎప్పుడు మొదలుపెడతారనేది స్కూల్‌ని బట్టి మారుద్ది కాబట్టి అప్లికేషన్ పెట్టకముందే అడిగేయండి. లేకపోతే పక్కింటి పాప ఇంగ్లీష్‌లో వాక్యాలు రాస్తుంటే మనవాడు ఇంకా రాయట్లేదేంటని నిద్ర పట్టదు.

ఇక స్పెల్లింగ్. ఐరిష్‌లో ఎస్ పక్కన ఐ గానీ ఈ గానీ ఉంటే దాదాపు ఎప్పుడూ 'ష' అనే పలుకుతుంది, హెచ్ అక్కర్లేదు. 'వ' సౌండ్ కావాలంటే బీ పక్కన హెచ్ పెడతారు, లేదా ఎం పక్కన. అందుకే ఫస్ట్ క్లాస్ పిల్లల నోట్‌బుక్‌లో షిప్ అనే మాట ఎస్, ఐ, పీ అని మూడక్షరాల్లో కనపడొచ్చు, వ్యాన్ బీహెచ్‌తో మొదలవ్వొచ్చు, ఇంగ్లీష్ మాటలో ఒక అచ్చు మీద ఫాదా, అంటే ఐరిష్‌లో దీర్ఘం చూపించే గీత, కూడా ఉండొచ్చు. అది రాకపోవడం కాదు, నేర్చుకున్న రూల్‌ని పిల్లలు నమ్మకంగా వాడటం, ఇంగ్లీష్ పుస్తకాలు చదివేకొద్దీ దానంతటదే సర్దుకుంటది. ఎర్ర పెన్నుతో పేజీ అంతా కొట్టేయకండి ప్లీజ్, రోజుకి ఒక్క మాట సరిచేస్తే చాలు.

2010లో ఎడ్యుకేషనల్ రీసెర్చ్ సెంటర్ వాళ్ళు సెకండ్ క్లాస్, సిక్స్త్ క్లాస్ పిల్లల్ని పరీక్షిస్తే గేల్‌స్కోల్ పిల్లల ఇంగ్లీష్ రీడింగ్ సగటు దేశం మొత్తం సగటు కంటే ఎక్కువే వచ్చింది. కానీ ఇది చూసి మనం పూర్తిగా ధీమాగా ఉండకూడదు. అది రీడింగ్ టెస్ట్, రాత కాదు, పైగా ఆ పిల్లల్లో ఎక్కువమందికి ఇంట్లో మాట్లాడేదే ఇంగ్లీష్. మన ఇంట్లో తెలుగు. అలాగని తెలుగు ఆపేసి వచ్చీరాని ఇంగ్లీష్‌లో మాట్లాడకండి, దయచేసి ఆ పని మాత్రం చేయొద్దు. తెలుగులో కథ చెప్పగలిగే పిల్లలకి ఆ కథని ఏ భాషలోనైనా రాయడం సులువవుద్ది.

రాత్రి పడుకునే ముందు ఒక ఇంగ్లీష్ కథ పైకి చదివి వినిపించండి. లైబ్రరీ మెంబర్‌షిప్ ఫ్రీ, 2019 నుంచి లేట్ ఫైన్ కూడా లేదు, సంచి నిండా తెచ్చుకోవచ్చు. లిడ్ల్ సూపర్‌మార్కెట్‌కి వెళ్ళేముందు సామాన్ల లిస్ట్ వాళ్ళతో రాయించండి, ఫ్రెండ్ బర్త్‌డే కార్డ్ వాళ్ళనే రాయనివ్వండి, ఎందుకంటే పిల్లలు అవసరం ఉన్నచోటే మనసు పెట్టి రాస్తారు.

సెకండ్, ఫోర్త్, సిక్స్త్ క్లాసుల చివర్లో ఇంగ్లీష్ రీడింగ్‌కి స్టాండర్డైజ్డ్ టెస్ట్, అంటే దేశమంతా ఒకే కొలతతో చూసే పరీక్ష, ఉంటది, రిపోర్ట్‌లో స్టెన్ స్కోర్ 1 నుంచి 10 లోపు ఇస్తారు, 5, 6 అంటే సగటు. ఇంగ్లీష్‌లోనే కాదు, ఐరిష్‌లో కూడా అక్షరాలు కూడబలుక్కోలేకపోతుంటే మాత్రం ఆ టెస్ట్ దాకా ఆగకుండా టీచర్‌తో మాట్లాడండి, అది ఐరిష్ మీడియం వల్లే అనుకుని వదిలేయొద్దు, డిస్లెక్సియా (అక్షరాలు చదవడం, రాయడం కష్టమయ్యే సమస్య) లాంటిది కూడా అయ్యుండొచ్చు.

ఎనిమిది తొమ్మిదేళ్ళ పిల్లలతో ఇండియా నుంచి వచ్చినవాళ్ళకి నేనైతే గేల్‌స్కోల్ చెప్పను, మిగతా పిల్లలు అప్పటికే నాలుగైదేళ్ళు ఐరిష్‌లో చదివుంటారు, అందుకోవడం చాలా కష్టం. ఇన్ఫాంట్స్ వయసైతే హాయిగా వేయండి. వచ్చే సెప్టెంబర్ సీటుకి అప్లికేషన్లు ముందు ఏడాది అక్టోబర్ 1 కంటే ముందు తీసుకోరు, కానీ కచ్చితమైన తేదీలు స్కూల్ అడ్మిషన్ నోటీస్‌లో ఉంటాయి, సెప్టెంబర్ నుంచే వాళ్ళ వెబ్‌సైట్ చూస్తూ ఉండండి.